సున్నా మోగుతుంది

బేస్ గిటార్ కొని తెచ్చుకున్న కుర్రాడికి మొదటివారం ఎదురయ్యే వింత సున్నా. ఏదో రాక్ పాట నేర్చుకుందామని టాబ్ అనే అంకెల కాగితం ముందు పెట్టుకుంటాడు. పాశ్చాత్య సంగీతపు చుక్కలూ తోకలూ చదవడం రానక్కర్లేదు. నాలుగు తీగలకు నాలుగు గీతలు. ఏ గీత మీద ఏ అంకె ఉంటే ఆ తీగను ఆ మెట్టు దగ్గర నొక్కి మీటాలి. మరి సున్నా ఉంటే? ఊరుకోవాలేమో అనుకుంటాడు. కాదు, నొక్కకుండా వట్టి తీగను మీటాలి. ఈ లెక్కలో సున్నా మోగుతుంది. మోగకూడని చోట అంకె ఉండదు, గీత సాగిపోతుంది, అంతే. ఇంకో తిరకాసు, ఒళ్లో పెట్టుకుంటే అన్నిటికన్నా లావు తీగ మన మొహానికి దగ్గరగా పైన ఉంటుంది, కాగితం మీద అదే అట్టడుగు గీత. రెండు రోజులు తికమక, ఆ తర్వాత అలవాటైపోతుంది.

పద్ధతి పాతదే. వెనిస్‌లో పెట్రూచి 1507లో ల్యూట్ అనే తీగల వాద్యానికి అచ్చువేసిన పుస్తకాల్లోనూ గీతలూ అంకెలే. కాకపోతే అప్పుడు గీతల పైన కాలప్రమాణం చెప్పే గుర్తులుండేవి. కంప్యూటర్ మీద టైపు చేసి ఒకరికొకరు పంచుకునే టాబ్‌లో చాలావరకు అవి రాలిపోయాయి. వేలు ఎక్కడ పెట్టాలో ఉంటుంది, ఎప్పుడు పెట్టాలో, ఎంతసేపు ఉంచాలో ఉండదు. సంగీతం పద్ధతిగా చదువుకున్నవారికి టాబ్ అంటే అందుకే చిన్నచూపు. గైడు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కడం లాంటిదంటారు. నిజం లేకపోలేదు. కానీ ఆ గైడులో సగం జవాబులు ఉండవన్న సంగతి వారు మరిచిపోతారు.

క్వీన్ బృందం 1980లో విడుదల చేసిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' తీసుకోండి. బేస్ వాయించే జాన్ డీకన్ రాసిన పాట. దాన్ని నిలబెట్టే వరుసను లావు తీగ ఒక్కదాని మీదే సున్నా, మూడు, ఐదు అంకెలతో వాయించవచ్చు. పది నిమిషాల్లో వేళ్లకు పట్టుబడుతుంది. ఇక రికార్డు పెట్టి దానితో కలిసి వాయిస్తే ఏదో తేడా. అంకెలన్నీ సరిగానే పడుతున్నాయి, పాట మాత్రం రావడం లేదు. మళ్లీ వింటే అప్పుడు దొరుకుతుంది కిటుకు. డీకన్ ఆ సున్నాను మీటి వదిలేయడు, మోగీ మోగగానే తీగ నోరు నొక్కేస్తాడు. ఆ వెనక ఉన్న ఖాళీలోంచే డ్రమ్ము దెబ్బ తేటగా వినబడుతుంది. మనవాడి తీగేమో గుంయ్‌మంటూ ఆ ఖాళీనంతా నింపేస్తోంది. లావు తీగ కదా, చెయ్యి వేస్తే తప్ప ఆగదు. ఆపడానికి ఏ వేలు, ఎంత మెత్తగా ఆనించాలో టాబ్‌లో లేదు. రికార్డు దగ్గరికే వెళ్లాలి.

లియో ఫెండర్ 1951లో మెట్లున్న బేస్ గిటార్‌ను బజారులోకి తెచ్చి దానికి ప్రెసిషన్ (కచ్చితత్వం) అని పేరు పెట్టాడు. అంతకుముందు వాడిన నిలువెత్తు డబుల్ బేస్ మీద మెట్లుండవు, శ్రుతి వెతుక్కోవాల్సిందే. ఇప్పుడు శ్రుతి సంగతి మెట్లు చూసుకుంటాయి. మనకు మిగిలింది కాలం. యూటూ బృందం 1987 నాటి 'విత్ ఆర్ వితౌట్ యూ'లో ఆడం క్లేటన్ దాదాపు పాటంతా అవే నాలుగు స్వరాలు తిప్పుతాడు. టాబ్ ఒక్క వరుసలో అయిపోతుంది. పాట పైపైకి లేస్తున్నకొద్దీ వేళ్లకు పరుగెత్తాలన్న దురద పుడుతుంది. ఐదు నిమిషాలు ఆ దురద ఓర్చుకున్నవాడికే ఆ పాట వచ్చినట్టు. (తమాషా ఏమిటంటే, కొత్తవాళ్లు తొలుత పట్టుకునే 2003 నాటి 'సెవెన్ నేషన్ ఆర్మీ' వరుసలో బేస్ గిటారే లేదు. ఆ పాట వాయించిన జాక్ వైట్ మామూలు గిటార్‌నే పెడల్ తొక్కి ఒక స్థాయి కిందికి దించాడు.)

మన వీణకూ వాయించే తీగలు నాలుగే, మెట్లు 24. మెట్టు లెక్క చెబితే వీణ వచ్చేయదు, తీగ లాగితేనే గమకం. సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో స్వరాక్షరాలకు తోడుగా గమకాల గుర్తులు వేరే పెట్టింది అందుకే. అన్ని గుర్తులున్నా, ఎన్నడూ వీణ విననివాడి చేతిలో ఆ పుస్తకం సగమే తెరుచుకుంటుంది.

కాబట్టి పక్కగదిలో పొద్దస్తమానం ఒకే డుం డుం వినబడుతుంటే ఇంటివాళ్లు విసుక్కోవద్దు. అంకెలు వాడికి ఎప్పుడో వచ్చేశాయి. ఇప్పుడు నేర్చుకుంటున్నది ఆపడం. దానికి మరో నెల పడుతుంది. మరీ భరించలేకపోతే తలుపు దగ్గరగా వేసుకోండి.