కచేరీలలో ‘సబ్’

కర్నూలు, కడప సీమల రైతునకు సర్కారుతో పని తటస్థించినచో మొదట ఎదురగునది ‘సబ్’ అను చిన్నమాట. క్రయపత్రమునకు సబ్‌రిజిస్ట్రారు, తగవునకు సబ్‌ఇన్‌స్పెక్టరు, కాలము వక్రించినచో సబ్‌జైలు. ఆ మాటకు అర్థమేమో రైతునకు చెప్పువారు అరుదు.

అది లాటిను ఉపసర్గ; ‘క్రింద’ అని దాని అర్థము. ఫ్రెంచివారి ‘సూ’, ఇటలీవారి ‘సొత్తొ’ దాని సంతతివే. మన సంధులలోవలె ముందు వచ్చు హల్లునుబట్టి రూపు మార్చుకొనుటయు దానికి కలదు; సక్సెసు, సపోర్టు, సస్పెండు అను మాటల మొదట దాగియున్నది అదియే. సంస్కృతమునకును లాటినునకును చుట్టరికము గలదని 1786లో విలియం జోన్సు చాటెను. ‘సబ్’కు మన ‘ఉప’ తోబుట్టువని తరువాతి భాషావేత్తలు తేల్చిరి.

‘ఉప’ మనకు క్రొత్తది కాదు. కుందూ, పాపాఘ్ని పెన్నకు ఉపనదులని మన బాలురు చదువుచున్నారు. సబ్‌నదులని ఎవరును అనరు. ఖజానావారు ఉపఖజానా అని వ్రాయుచునే యున్నారు. తక్కిన కచేరీల బోర్డులమీద ‘సబ్’ ఏల నిలువవలెను?

ఇది పండితుల వినోదము కాదు. ‘క్రింద’ అని తెలిసినవానికే పైన ఒకరున్నారని తెలియును. సబ్‌రిజిస్ట్రారు దస్తావేజును నిరాకరించినచో, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమునుబట్టి సాధారణముగా 30 దినములలోపల పై రిజిస్ట్రారునకు మొఱపెట్టుకొనవచ్చును. వానలేని యేట అప్పు తీర్చుటకు పొలము అమ్మజూపిన రైతు, ఆ త్రోవ యెఱుగక, దళారి మాటయే వేదమని ఇల్లు చేరును. ఇంతలో గడువు దాటిపోవును.

జనుల నోట నలిగిన సబ్‌జైలును వెలివేయుమని మేము కోరము. బోర్డుమీద ‘ఉప’ అని వ్రాయుడనియు, నిరాకరణ పత్రముమీద పై అధికారి యెవరో, గడువు ఎన్నినాళ్లో తేటతెలుగున తెలుపుడనియు మాత్రమే కోరుచున్నాము. తెలుగును అధికారభాషగా జేసిన చట్టము 1966లోనే పుట్టినది. క్రొత్త చట్టముతో పనిలేదు.

1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర పరదేశీయుడయ్యు తెలుగు నేర్చి నిఘంటువు కూర్చెను. స్వరాజ్యపు కచేరి రైతునకు తెలియునట్లు రెండు పంక్తులు వ్రాయజాలదా?