నిందయే తీర్పగునా?

ప్రజల మతములతో రాజ్యమునకుఁ బనిలేదని 1947 ఆగస్టు 11వ తేదీని పాకిస్థాను రాజ్యాంగసభలో మహమ్మదాలీ జిన్నా పలికెను. ఆ మాటను ఆ దేశపుఁ జట్టములే మ్రింగివైచినవి. 1974లో రాజ్యాంగమును సవరించి అహ్మదీయులు ముస్లిములు కారని నిర్ణయించిరి. 1984 నుండి వారు తమ ప్రార్థనాలయమును మసీదని పిలుచుటయే మూఁడేండ్ల ఖైదునకుఁ దగిన నేరమయ్యెను. 1986లో ప్రవక్తను దూషించినవారికి మరణశిక్ష విధించు సెక్షను చేరెను. దురుద్దేశమును ఋజువు చేయవలయునను మాట యా సెక్షనులో లేదు.

ఇది మతగౌరవమును గాపాడునని కొందఱందురు. కాపాడిన విధము చూతము. 2009లో పంజాబునందలి యొక పల్లెలో ఆసియా బీబీ యను క్రైస్తవ స్త్రీ పండ్లు కోయు కూలికిఁ బోయి తోడివారికి నీళ్లు తెచ్చెను. ఆమె ముట్టిన నీరు త్రాగమని కొందఱు స్త్రీలనిరి. మాటకు మాట పెరిగెను. కొన్ని దినములకు ఆమెపై దూషణనేరము మోపఁబడెను. 2010లో ఉరిశిక్ష పడెను. సాక్షుల మాటలు ఒకదానికొకటి పొసఁగవని సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 31న ఆమెను నిర్దోషిగాఁ దీర్చువఱకు ఎనిమిదేండ్లు ఉరిత్రాటి నీడలో గడచెను. ముట్టిన నీటి పేర మనుష్యుని హీనపఱచుట యెట్టి పాపమో తెలుఁగు గృహములకు మేము వేఱుగఁ జెప్పవలయునా?

ఆమె పక్షమునఁ బలికిన పంజాబు గవర్నరు సల్మాన్ తాసీరును 2011 జనవరిలో ఆయన యంగరక్షకుఁడే కాల్చి చంపెను. ఆ చట్టమును మార్పుఁడని కోరిన మంత్రి షాబాజ్ భట్టి, తానును క్రైస్తవుఁడే, మార్చిలో హతుఁడయ్యెను. న్యాయస్థానము విడిచినను వీథి విడువదు. ఇట్టిచోట నిందించుటయే శిక్షించుట.

ఇది పొరుగువారి యింటిగొడవ, మనకేల యనువారు గలరు. దీనిని జూపి ముస్లిములనందఱను ద్వేషింపుఁడనువారును గలరు. ఇరువురును బొరపడుచున్నారు. తాసీరు ముస్లిము. ఆసియా బీబీ న్యాయవాది సైఫుల్ మలూక్ ముస్లిము. ఆమెను విడిపించిన న్యాయమూర్తులు ముస్లిములు. ఇట్టి దీనుల పక్షమున జీవితాంతము వాదించిన లాహోరు న్యాయవాది అస్మా జహంగీరు పుట్టినది ముస్లిము కుటుంబముననే. పోరాటము రెండు మతములకుఁ గాదు, న్యాయమునకును మూఁకబలమునకును.

కావున మేము కోరునది స్పష్టము. ఆ మరణశిక్ష రద్దు కావలెను. అబద్ధపు నింద మోపినవాఁడు శిక్షింపఁబడవలెను. ఎవఁడు ఏ మతస్థుఁడో నిర్ణయించు నధికారమును రాజ్యము విడువవలెను. ఈ కోరికను పొరుగుదేశమునకుఁ జెప్పు నోటితోనే మన వీథిలోని యల్పసంఖ్యాకునికై పలుకలేనివాని మాటకు విలువ యుండదు.