తాగినవారి లెక్క ఉంది, పీల్చినవారిది లేదు

1997 నుంచి 2002 దాకా ఆరేళ్లలో పురుగుమందు విషంతో వరంగల్‌లోని ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చేరినవారు 8,040 మంది. నూటికి దాదాపు 23 మంది దక్కలేదు. ఈ లెక్క చెప్పిన, 2005లో అచ్చయిన అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. 1999, 2000 కేసుల్ని విడిగా చూస్తే నూటికి 96 మంది కావాలని తాగినవారే. పత్తి రైతుల ఆత్మహత్యలతో జిల్లా తల్లడిల్లిన రోజులవి.

మిగిలిన నలుగురి సంగతే ఇక్కడ చెప్పాలి. నిజానికి వారు నలుగురే కారు. చేలో పురుగుమందు కొట్టి వచ్చి, తల తిరిగి, వాంతి చేసుకుని, మజ్జిగ తాగి పడుకున్నవాళ్లు ఆసుపత్రి దాకా రారు. చాలామందికి తెల్లారేసరికి తగ్గుతుంది. కొందరికి మాత్రం ఒళ్లు మళ్లీ మునుపటిలా కాదు. పక్క చేలో మందు కొట్టే తైవాన్ పంపు ఆడితేనే తల పగిలిపోతుంది, ఊపిరాడదు. పోనుపోను కొత్త రంగు, ఫినాయిల్, అగరుబత్తి, సెంటు, ఏ ఘాటూ పడదు. అదే గాలి పీల్చిన మిగతావారికి ఏమీ కాదు గనుక వీరి మాట ఎవరూ నమ్మరు. పనికి రాకపోతే బద్ధకమంటారు, ఆడమనిషైతే నటనంటారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ నింద.

అమెరికాలో యేల్ వైద్యుడు మార్క్ కల్లెన్ 1987లోనే ఈ స్థితిని బహుళ రసాయన సున్నితత్వంగా నిర్వచించారు. ఒక్కసారి పెద్ద మోతాదులోనో, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగానో రసాయనం సోకితే శరీరం తట్టుకునే శక్తి కోల్పోతుందని, ఆపై సంబంధం లేని వాసనలూ బాధిస్తాయని టెక్సస్ వైద్యురాలు క్లాడియా మిల్లర్ ప్రతిపాదించారు. ఇంటి మరమ్మతుల వల్ల ఈ బాధ మొదలైందన్నవారికంటే పురుగుమందు వల్ల మొదలైందన్నవారిలో లక్షణాలు తీవ్రంగా ఉన్నాయని 1995లో ఆమె రాశారు. ఆ మందులు మోనోక్రోటోఫాస్ లాగే నరాల పనిని దెబ్బతీసేవి. వరంగల్ ఆసుపత్రి మరణాల్లో ఎండోసల్ఫాన్‌తో పాటు ముందున్నది ఆ మోనోక్రోటోఫాసే.

వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదన్నదీ నిజమే. ఏది రసాయనమో ఏది ఉత్త గాలో చెప్పకుండా జరిపిన ప్రయోగాల్లో చాలామంది బాధితులు తేడా పట్టలేకపోయారు. కారణం మీద తగవు సాగనివ్వండి. ఆ తగవు తేలేదాకా మనిషిని వదిలేయడం తప్పు. జపాన్ 2009లో ఈ రసాయన సున్నితత్వాన్ని రోగాల జాబితాకు ఎక్కించింది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో దీనికి చోటు లేదు.

అలాగని మందు కొట్టేవారి కోసం చట్టం అసలే లేదనలేం. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 37వది చూడండి. తయారీ కార్మికులకే కాదు, పిచికారీ పనిలో పెట్టుకున్నవారికీ వైద్య పరీక్షలు జరగాలంటుంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులతో పనిచేసేవారికి నెలనెలా రక్తంలో కోలినెస్టరేజ్ చూడాలంటుంది. ఆ మందులు అణచేది ఈ ఎంజైమునే. కానీ నర్సంపేట వైపు మిర్చి తోటలో రోజు కూలికి పంపు మోసేవాడికి ఈ పరీక్ష ఎవరు చేయిస్తారు? ఇవాళ ఒకరి చేను, రేపు ఇంకొకరిది. యజమాని ఎవరని అడిగితే చూపడానికి కాగితం ముక్క ఉండదు. అందుకే ఈ పని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అప్పగించాలి. వానాకాలం సాగుకు ముందు ఒకసారి రక్తం తీయాలి, మందు కొట్టే నెలల్లో మళ్లీ తీయాలి. ఈ ఎంజైము స్థాయి మనిషి మనిషికీ మారుతుంది గనుక మొదటి అంకె లేకుండా రెండో అంకె పెద్దగా ఏమీ చెప్పదు. ఓపీ చీటీలో కూడా మందు కొట్టారా, ఎప్పుడు, ఏ మందు అన్న మూడు ప్రశ్నలు ఉండాలి.

ఊళ్లో చేయగలిగినవీ ఉన్నాయి. మందు కొట్టే రోజు చుట్టుపక్కల ముందుగా చెప్పడం, పడనివారికి ఆ వారం దూరపు చేలో పని చూపడం. పాత వరంగల్ జిల్లాలోని ఏనబావి 2006లో రసాయన రహిత గ్రామంగా ప్రకటించుకుంది. మందు పడని కూలీ భయం లేకుండా పనికి వెళ్లగల పొలాలు అలాంటివే. సేంద్రియ సాగుకు డబ్బు కేటాయించేటప్పుడు భూసారంతో పాటు ఈ కూలీల ఊపిరినీ లెక్కలోకి తీసుకోవాలి.