విద్యార్థి విషాదమును వినువారెవరు?

పాఠశాలలకు మనస్తత్వ నిపుణులు కావలెనను మాట వచ్చినప్పుడెల్ల భక్తసమాజమునుండి ఒక ఆక్షేపణ వినవచ్చుచున్నది. "మనస్సు చంచలమని మన శాస్త్రములు ఏనాడో చెప్పినవి. దానిని నిగ్రహించు ఉపాయమును కూడ అవియే చెప్పినవి. ఉదయము ప్రార్థన, సాయంకాలము భజన, వారమునకొక దినము గీతాపఠనము ఉన్నచో చాలును. పాశ్చాత్యులనుండి అరువు తెచ్చుకొన్న కౌన్సెలింగు మన పిల్లలకెందుకు?" ఈ పూర్వపక్షము శ్రద్ధనుండి పుట్టినట్లు కనబడును. విచారించి చూచినచో ఇది శాస్త్రహృదయమునకే విరుద్ధము. అంతకుమించి, పసివారి ప్రాణములకు ప్రమాదకరము.

ఈ విచారణకు తగిన స్థలము కొత్తచెరువు. పుట్టపర్తికి సమీపమున, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇది యొక మండల కేంద్రము. ఇక్కడి జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో 2025 జులై 10న తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మహాసమావేశము జరిగినది. ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు తరగతి గదిలో పాఠము చెప్పగా, విద్యాశాఖ మంత్రి లోకేశ్ విద్యార్థుల నడుమ కూర్చుండి వినెను. తల్లిదండ్రులు బడికి వచ్చి బిడ్డ ప్రగతిని తెలిసికొనుట శుభపరిణామమే. కాని ప్రగతిపత్రము మార్కులను చూపును, హాజరును చూపును. ఆ మార్కులు ఎందుకు తగ్గినవో, ఆ బిడ్డ రాత్రివేళ ఎందుకు నిద్రపోవుట లేదో అది చెప్పదు.

సరిగా పదునైదు దినములకు, జులై 25న, సర్వోన్నత న్యాయస్థానము ఒక తీర్పు వెలువరించినది. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు సిద్ధమగుచున్న 17 సంవత్సరముల బాలిక మరణమునకు సంబంధించిన వ్యాజ్యమది. నూరుగురు లేక అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హతగల కౌన్సెలరు గాని, మనస్తత్వ నిపుణులు గాని, సామాజిక కార్యకర్త గాని కనీసము ఒకరు ఉండవలెనని న్యాయస్థానము నిర్దేశించినది. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు బ్యాచీలుగా విడదీయరాదని, సిబ్బందికి ఏటా రెండుమార్లు శిక్షణ ఈయవలెనని కూడ చెప్పినది. 2022లో దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యకు పాల్పడిరని జాతీయ నేర గణాంకములు తెలుపుచున్నవి. వానిలో పరీక్షా వైఫల్యము కారణముగా నమోదైనవి 2,248. అనగా మిగిలిన పదివేలకు పైబడిన గృహములలో బిడ్డ వేదన మార్కుల పట్టికలో కానరాలేదు. దానిని తెలిసికొనుటకు అడిగి వినువారు ఉండవలెను.

"ఇది నగరముల వ్యాధి, కార్పొరేటు కళాశాలల వ్యాధి" యని తప్పించుకొనుటకు కూడ వీలులేదు. 2022లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి మూడున్నర లక్షలకు మించిన విద్యార్థులను ప్రశ్నించగా, నూటికి 81 మంది చదువు, పరీక్షలు, ఫలితములు తమ ఆందోళనకు కారణమని చెప్పిరి. అనంతపురము సీమకు ఇది చాలదన్నట్లు అనావృష్టి భారము తోడగుచున్నది. వేరుసెనగ పంట ఎండిన యేడు తల్లిదండ్రులు బెంగళూరునకు కూలికి పోవుదురు. బిడ్డలు అవ్వతాతల వద్దనో, వసతిగృహములలోనో మిగులుదురు. అట్టి బిడ్డ తరగతిలో మౌనముగా కూర్చున్నచో వినయవంతుడని మెచ్చుకొందురు. కసరుకొన్నచో దుష్టుడని దండింతురు. రెండు చోట్లను వినుట జరుగదు.

ఇక శాస్త్రమునకు వత్తము. గీతాపఠనము చాలునను సాధకులు గీత యెట్లు ప్రారంభమగునో ఒక్కసారి స్మరింపవలెను. అవయవములు శిథిలమగుట, నోరు ఎండుట, దేహము వణకుట, చేతినుండి గాండీవము జారుట, మనస్సు తిరుగుట అర్జునుడు తానుగా వర్ణించిన లక్షణములు. పరీక్షా మందిరము ముందర నిలుచున్న పదవ తరగతి పిల్లవాని దేహము కూడ ఇదే భాషలో మాటలాడును. ఆ అధ్యాయమునకు వ్యాససంప్రదాయము పెట్టిన పేరు విషాదయోగము. విషాదమును పాపమనలేదు, నాటకమనలేదు, యోగమన్నది. అర్జునుడు తన మాటలన్నియు చెప్పి విల్లు విడిచి కూర్చుండువరకు భగవానుడు అడ్డుపడలేదు. పిమ్మట పౌరుషము గుర్తుచేసి మందలించెను. ఆ మందలింపుతో అర్జునుడు లేవలేదు. మరల తన సంశయము చెప్పుకొని, యుద్ధము చేయనని మౌనము వహించెను. ఉపదేశము ఆ తరువాతనే మొదలైనది. ధైర్యము తెచ్చుకొమ్మను ఒక్క మందలింపు నరునికే చాలనప్పుడు, పదునాలుగేండ్ల బాలునికి చాలునని ఏ భాష్యము చెప్పుచున్నది? చివరకు, చెప్పినదంతయు విమర్శించి నీ ఇష్టము వచ్చినట్లు చేయుమని స్వామియే స్వేచ్ఛ నిచ్చెను. వినకమునుపే బోధించుట, బోధించి శాసించుట గీతామార్గము కాదు.

యోగవాసిష్ఠము దీనికంటె స్పష్టమైన సాక్ష్యము. తీర్థయాత్రనుండి తిరిగివచ్చిన రాముడు అప్పటికి పదునారేండ్లు నిండనివాడు. ఆహారముపై ఇచ్ఛ తగ్గి, మాట తగ్గి, దేహము కృశించి ఏకాంతమున కూర్చుండెను. పరిచారకులు గమనించి రాజునకు తెలిపిరి. నిండుసభలో విశ్వామిత్రుడు బాలుని కారణమడిగెను. బాలుడు సుదీర్ఘముగా మనస్సు విప్పెను. మహర్షులందరు ఉన్న సభ వినెను. వసిష్ఠుని ఉపదేశము దాని పిమ్మటిది.

"రామునిది వివేకజన్యమైన వైరాగ్యము, వ్యాధి కాదు గదా" యని ఒకరు ఆక్షేపింపవచ్చును. సత్యమే. అయితే ఆ సంగతి సభకు ఎట్లు తెలిసినది? విన్నందువలననే. వినకయే ప్రతి బాలుని ముభావమును వైరాగ్యమని పొగడుట ఎంత అవివేకమో, సోమరితనమని తెగడుటయు అంతే అవివేకము. ఏది వివేకము, ఏది రోగము, ఏది ఇంటిలోని హింసకు ప్రతిధ్వని, ఏది అక్షరములు తారుమారుగా తోచు అభ్యసన లోపము అని వేరుపరచుట శిక్షణవలన వచ్చు విద్య. భక్తి యెంత గాఢమైనను ఆ విద్య తనంత తాను సిద్ధింపదు.

చరకసంహిత చికిత్సను మూడు విధములుగా విభజించినది. మంత్రము, జపము, హోమము మున్నగునవి దైవవ్యపాశ్రయము. ఆహారౌషధముల యోజన యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహిత విషయములనుండి మరల్చుట సత్త్వావజయము. ఈ మూడింటిని వేరువేరుగా పేర్కొనుటలోనే ఒకటి మరియొకదానికి బదులు కాజాలదను అభిప్రాయము స్పష్టము. భజన సర్వమునకు చాలునను వాదము చరకునికి తెలియనిది. పుట్టపర్తి ప్రజల ఆచరణకు కూడ అది తెలియనిది. 1991లో అక్కడ ఉచిత వైద్యాలయము వెలసినప్పుడు, హృద్రోగులకు భజన చాలును, శస్త్రవైద్యులు ఏల యని ఎవ్వరును ప్రశ్నింపలేదు. భక్తియే ఆ వైద్యాలయమును నిలిపినది. గుండె కవాటమునకు నిపుణుడు కావలెనని అంగీకరించి, అదే రొమ్ములోని భీతికి మాత్రము నిపుణుడు అనవసరమనుట ఏ న్యాయము?

పాశ్చాత్యమను నింద కూడ నిలువదు. పొరుగుననే యున్న బళ్ళారి జిల్లాలో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 1980ల దశకమున గ్రామీణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములద్వారా మానసిక వైద్యము అందించి చూపిరి. 1996లో ప్రారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఆ ప్రయోగమే మాదిరి. ఈ విద్య మన మట్టిలో, మన భాషలలో పరీక్షింపబడినది.

నిపుణుల విషయమున కూడ కొన్ని నియమములు అవశ్యము. నియమింపబడినవారికి ఖాళీ తరగతులు, గుమాస్తా పనులు అప్పగించినచో ఆ నియామకము కాగితమునకే పరిమితము. బిడ్డ చెప్పిన మాట ఉపాధ్యాయుల గదిలో పరిహాసము కారాదు. ప్రాణాపాయము పొంచియున్నప్పుడు, చట్టము కోరినప్పుడు మాత్రమే గోప్యతకు మినహాయింపు. బాలలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు ఫిర్యాదు చేయవలెనని 2012 నాటి చట్టము నిర్బంధించుచున్నది. బాలలను కొట్టుట, మానసికముగా వేధించుట 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. అభ్యసన వైకల్యమును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించినది. అట్లే బిడ్డకు ప్రార్థన బలమైనచో దానిని నిపుణుడు తేలికపరచరాదు. ఆస్తికుడు నిపుణుని తిరస్కరించుట, నిపుణుడు ఆస్తిక్యమును తిరస్కరించుట రెండును ఒకే మూఢత్వము.

మిగిలినది ప్రారబ్ధవాదము. "ఆ బిడ్డ కర్మ అట్లున్నది" యను మాట కొందరికి వేదాంతముగా వినబడును. ప్రారబ్ధచింతన తన దుఃఖమును తాను ఓర్చుకొనుటకు ఉద్దేశింపబడినది. పరుల దుఃఖము ఎదుట శాస్త్రము విధించినది దయ, దానము, అభయము. ఒకరి కన్నీటికి కర్మసిద్ధాంతమును సమాధానముగా చెప్పువాడు వేదాంతి కాడు, బాధ్యతనుండి పారిపోవువాడు.

కావున కొత్తచెరువు మొదలుకొని ప్రతి మండలమునందలి భక్తమండలులు పాఠశాల యాజమాన్య కమిటీలో ఒక ప్రశ్న అడుగవలెను: మన బడిలో ఆ నిపుణులు ఉన్నారా? లేనిచో ఎప్పుడు వత్తురు? వచ్చువరకు బిడ్డను ఎవరివద్దకు పంపవలెను? టెలి మానస్ సంఖ్య 14416 గోడమీద పిల్లలకు కనబడునట్లు వ్రాయబడియున్నదా? ఆ సంఖ్యకు అహోరాత్రములు ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును. బాలలకు శ్లోకములు నేర్పువారు నేర్పుచునే యుండవలెను. అయితే శ్లోకము అప్పగించుచు నడుమ ఆగిపోయిన బిడ్డను మరచిన పాదమునకై గద్దింపక, ఏమైనదని మెల్లగా అడిగి, సమాధానము పూర్తియగువరకు ఓపికతో కూర్చుండవలెను. అవసరమైనచో ఆ బిడ్డ చేయి పట్టుకొని నిపుణుని వద్దకు తీసికొనిపోవలెను. అదియును ఆరాధనయే.