కవరు తీసేసిన కట్టరు

పోయిన నెలంతా మా కొత్త ఫ్లాట్లో చెక్క పని జరిగింది. రెండు బెడ్రూముల్లో అల్మరాలు, వంటింట్లో కప్‌బోర్డులు, హాల్లో టీవీ యూనిట్. చేసేది ముగ్గురు. వడ్రంగి మేస్త్రి, ఆయన బావమరిది, ఓ కుర్రాడు. నేను రోజూ ఆఫీసుకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆగి, "గృహప్రవేశం లోపు అయిపోతుంది కదా మేస్త్రీ?" అని అడిగేవాణ్ణి. ఇంటి ఓనరుగా నేను చేసే పని అంతకు మించి ఏమీ లేదు మరి!

ఓ రోజు టీ గ్లాసు అందిస్తుంటే చూశాను, ఆయన ఎడమచేతి చూపుడు వేలికి కొస లేదు. ఏమైందని అడిగితే, "మిషన్ తినేసింది సార్" అన్నాడు, దోమ కుట్టిందన్నంత తేలిగ్గా.

ఆ మిషన్ ఏమిటో అప్పుడు సరిగ్గా చూశాను. రాళ్ళూ టైల్సూ కోసే మార్బుల్ కట్టర్. దానికి చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించి ప్లైవుడ్ కోస్తున్నారు. బ్లేడు పైన ఉండాల్సిన ఇనప కవరు లేదు. వైరు చివర ప్లగ్గు కూడా లేదు. రెండు వైర్లూ సాకెట్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు.

"కవరేది?" అంటే, "అది ఉంటే గీత కనపడదు సార్, బ్లేడు లోతుకి దిగదు" అన్నాడు.

బుర్ర ఊరుకోదు కదా, లెక్క వేశాను. అలాంటి కట్టరు నిమిషానికి సుమారు 12,000 చుట్లు తిరుగుతుంది. బ్లేడు అడ్డకొలత 110 మిల్లీమీటర్లు. అంటే అంచు దగ్గర పన్ను వేగం గంటకి దాదాపు 250 కిలోమీటర్లు. ఆ వేగానికీ మనిషి వేలికీ మధ్య ఉండాల్సింది ఆ ఒక్క కవరే. అది తీసి సంచిలో పడేశారు.

సరే, చెప్పాను కదా అని నా దారిన నేను పోయాను. రెండ్రోజుల తర్వాత, నేను అక్కడ ఉండగానే, కరెంటు పోయింది. మేస్త్రి కట్టరు కింద పెట్టి బీడీ తాగడానికి బాల్కనీలోకి వెళ్ళాడు. దాని స్విచ్చు పక్కన ఓ చిన్న గుండీ ఉంటుంది. నొక్కితే, వేలు తీసేసినా మిషన్ తిరుగుతూనే ఉంటుంది. కరెంటు పోగానే శబ్దం ఆగింది గానీ, ఆ గుండీ నొక్కే ఉంది. ఎవరికీ గుర్తు లేదు.

పది నిమిషాలకి కరెంటొచ్చింది. నేల మీద కట్టరు ఒక్కసారి ఎగిరి, టైల్స్ మీద గీసుకుంటూ, సన్‌మైకా షీట్ల పక్కన చతికిలబడి ఫోను చూసుకుంటున్న కుర్రాడి వైపు దూసుకెళ్ళింది. వాడి కాలికి జానెడు దూరంలో ఆగింది. ఎందుకాగిందో తెలుసా? సాకెట్లోంచి వైరు ఊడొచ్చింది. ప్లగ్గు లేదు కాబట్టి! ఒక తప్పుని ఇంకో తప్పు కాపాడింది. దీన్ని భద్రత అంటారా, అదృష్టం అంటారా?

ఇక్కడ చాలామంది "వాళ్ళంతేనండీ, చెప్తే వినరు, నిర్లక్ష్యం" అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే చదువుకున్నవాణ్ణి, నేనూ అదే చేశాను. కర్టెన్ రాడ్లు బిగించడానికి 18 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లు కొన్నాను. వైరు లేదు, షాకు కొట్టదు, ఇంకేం భయం అనుకున్నాను. బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ తీయాలని దాంతో వచ్చిన కాగితంలో ఉంది. తీయలేదు. బిట్టు పట్టుకుని ఉండగా మోకాలు స్విచ్చుకి తగిలింది. బొటనవేలికి మూడు కుట్లు. బ్యాటరీ తీయడానికి పట్టేది రెండు సెకన్లు. మరెందుకు తీయలేదు? తొందర. మరో కారణం లేదు.

ఆఫీసులో మాత్రం తక్కువా? రేపు రిలీజనగా ఫెయిలవుతున్న టెస్టుని కామెంట్ చేసి "తర్వాత చూద్దాం" అనుకోని వాడెవడు? మేస్త్రి కవరు తీసింది కూడా ఆ బుద్ధితోనే. తేడా ఒకటే, నా తప్పుకి సర్వరు పడిపోతుంది, ఆయన తప్పుకి వేలు పడిపోతుంది.

ఇంతకీ ఆయనకంత తొందర ఎందుకు? చదరపు అడుగుకింత అని మాట్లాడుకున్న పని. ఎంత త్వరగా ముగిస్తే అంత మిగులు. పైగా రోజుకి రెండుసార్లు వచ్చి "అయిపోతుందా?" అని అడిగే ఓనరొకడు. అంటే ఆ కవరు విప్పిన చేతుల్లో నాదీ ఒకటి. చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. 1996లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న నిర్మాణ కార్మికుల చట్టం పదిమందీ ఆపైన ఉన్న చోట్ల కోసం రాసింది. మా ఇంట్లో ఉన్నది ముగ్గురు.

అందుకే నా అభిప్రాయం, ఇంట్లో పని చేయించుకునేవాడే ఈ బాధ్యత తీసుకోవాలి. ఆ సాయంత్రం బజారుకెళ్ళి ప్లగ్గులు, ఎర్తు పిన్నున్న మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, కళ్ళజోళ్ళు, ముక్కుకి మాస్కులు తెచ్చాను. ఎలక్ట్రీషియన్ని పిలిచి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. మెయిన్ బోర్డులో ఎంసీబీ ఉంది కదా అనుకుంటాం. 16 ఆంపియర్లది వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషిని కాదు. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. మన ఒంట్లోంచి కరెంటు నేలలోకి పోతుంటే గుర్తుపట్టి, రెప్పపాటులో ఆపేది ఆర్‌సీసీబీయే. నీళ్ళు పోస్తూ టైల్స్ కోసే చోటయితే ఇది మరీ ముఖ్యం.

చేతి తొడుగులు కూడా తెచ్చాను. మేస్త్రి నవ్వి పక్కన పెట్టేశాడు. "తిరిగే దాని దగ్గర గ్లౌజులొద్దు సార్, బిట్టు పట్టుకుని చెయ్యి లోపలికి లాగేస్తది." నిజమే. లూజు చొక్కా చేతులకీ, మెడలో తువ్వాలుకీ ఇదే లెక్క. ఆయనకి తెలియక కాదు కవరు తీసింది!

చివరికి ఒప్పందం చేసుకున్నాం. కవరు బిగించే కోయాలి. కరెంటు పోతే ముందు ప్లగ్గు పీకాలి. బ్లేడు మార్చేటప్పుడూ అంతే. దానివల్ల పని రెండు రోజులు ఆలస్యమైతే ఆ రెండు రోజుల కూలీ నేనిస్తాను. సరిగ్గా రెండు రోజులే ఆలస్యమైంది. ఇచ్చాను. టీవీ యూనిట్ తలుపులు లేకుండానే గృహప్రవేశం జరిగింది. వచ్చినవాళ్ళెవరూ భోజనం మానేసి వెళ్ళలేదు.

మొన్న ఆదివారం పై అంతస్తులోంచి కట్టరు శబ్దం వినిపిస్తే వెళ్ళాను. మా మేస్త్రే. కవరు లేదు. నన్ను చూసి కొంచెం ఇబ్బందిగా నవ్వాడు.

"ఈ సార్‌కి బుధవారం కల్లా కావాలంట సార్."

ఆయన్నేమనాలో తోచలేదు. వెళ్ళి ఆ ఫ్లాటు ఓనరు తలుపు కొట్టాను. మీ ఇంట్లోనూ పని నడుస్తుంటే, "ఎప్పటికైపోతుంది?" అని అడిగే ముందు ఒక్కసారి బ్లేడు మీద కవరుందో లేదో చూడండి.