వరిమడి వాయువు, ఏసీ గ్యాసు: ప్రపంచ సభలో ఎవరి మాట చెల్లింది?

ప్రపంచ దేశాల ప్రభుత్వాలు ఏటా ఒకచోట చేరి వాతావరణం మీద బేరసారాలు చేస్తుంటాయి. భూమి వేడెక్కుతోంది, పొగ తగ్గించాలి, ఎవరు ఎంత తగ్గించాలి అన్నదే ఆ బేరం. "యాడో జరిగే మీటింగుకీ మా నారుమడికీ ఏం సంబంధమన్నా?" అని తడ, సూళ్లూరుపేట ప్రాంతాల కూలి జనం అడగవచ్చు. సంబంధం ఉంది. ఈ ప్రాంతానికి బాగా దగ్గరైన రెండు గ్యాసుల మీద అక్కడ బేరం నడిచింది. ఒకటి వరిమడిలో పుట్టేది. రెండోది తడ పక్కన తయారయ్యే ఏసీల్లో ఉండేది. ఈ రెండింటి మీద మన ప్రభుత్వం ఏ వైఖరి తీసుకుందో చూస్తే ఒక సంగతి తేలిపోతుంది. విదేశాల్లో దేశం పేరు మీద వినబడే మాట, దేశంలోపల ఎవరి బలం ఎంతో చెప్పే మాటే.

మొదట వరిమడి సంగతి చూద్దాం. మడిలో నీళ్లు నిలిస్తే మట్టికి గాలి ఆడదు. గాలి ఆడని మట్టిలో సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువును పుట్టిస్తాయి. పశువులు నెమరు వేసేటప్పుడు కూడా ఇదే వాయువు వస్తుంది. భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు తర్వాతి స్థానం దీనిదే. 2021 నవంబరు 2న గ్లాస్గో సభలో అమెరికా, ఐరోపా సమాఖ్య ముందుండి ఒక ప్రతిజ్ఞ తెచ్చాయి. 2020 నాటి లెక్క మీద 2030 నాటికి ప్రపంచమంతా కలిసి మీథేన్‌ను 30 శాతం తగ్గించాలన్నారు. నూరుకు పైగా దేశాలు సంతకం చేశాయి. భారత్ చేయలేదు, చైనా చేయలేదు, రష్యా చేయలేదు. చిన్న, సన్నకారు రైతుల బతుకుతెరువుకు దెబ్బ తగులుతుందన్నది మన ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన కారణం.

ఈ కారణం అబద్ధం కాదు. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు లెక్క తేలుతుంటే, అమెరికాలో అది సుమారు 14 టన్నులు. కార్లలో, విమానాల్లో తిరిగేవాడి పొగనూ, బువ్వ కోసం నాటిన వరి నుంచి వచ్చే వాయువునూ ఒకే తక్కెడలో తూచడం న్యాయం కాదు. కానీ మరో సంగతీ గుర్తు పెట్టుకోవాలి. ఆ సంతకం ప్రశ్న వచ్చిన రోజుకు లక్షలాది రైతులు ఢిల్లీ సరిహద్దులకు చేరి పదకొండు నెలలు దాటింది. మూడు సాగు చట్టాలు రద్దు చేయమంటూ ఎండకు, చలికి, వానకు అక్కడే కూర్చున్నారు. పంజాబ్, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో రానున్నాయి. వ్యవసాయం మీద విదేశాల ఆంక్షలు వద్దన్నది భారత్ పాత వైఖరే, దాన్ని రైతు ఉద్యమం పుట్టించలేదు. కానీ ఆ రోజుల్లో ఏ మంత్రికైనా వరి రైతు మీద కొత్త కట్టుబాటు పెట్టే ధైర్యం ఉండేదా? ఉండేది కాదన్నది మా అభిప్రాయం.

దీనికి ముందే ఒక రుజువు కనబడింది. 2020 అక్టోబరులో ఢిల్లీ కాలుష్యం మీద తెచ్చిన ఆర్డినెన్సులో అయిదేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జుల్మానా అని రాశారు. గడ్డి తగలబెట్టిన రైతు కూడా ఆ శిక్ష కిందికి వచ్చేవాడే. రైతులు సరిహద్దుల్లో బైఠాయించాక, 2020 డిసెంబరు 30 చర్చల్లో రైతుల్ని ఆ శిక్ష నుంచి తప్పిస్తామని ప్రభుత్వం ఒప్పుకొంది. పర్యావరణ పాఠం మారలేదు. రోడ్డు మీద కూర్చున్న జనం లెక్క మారింది, అంతే.

ఇది మన దేశంలోనే జరిగిందా అంటే, కాదు. న్యూజీలాండ్‌లో పశువుల మీథేన్‌కు రుసుం వేస్తామని 2022లో అక్కడి ప్రభుత్వం చెప్పింది. పాడి ఆసాములు ట్రాక్టర్లు తోలుకొని వీధుల్లోకి వచ్చారు. 2023 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. 2024 జూన్‌లో ఆ ప్రణాళికను అటకెక్కించారు.

ఇక రెండో గ్యాసు. తడకు పడమట సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల భూముల్లో 2008 నుంచి శ్రీసిటీ లేచింది. అక్కడ డైకిన్, బ్లూస్టార్ వంటి కంపెనీలు ఏసీలు తయారు చేస్తున్నాయి. మన దేశంలో అమ్ముడయ్యే ఏసీల్లో ఎక్కువవాటిలో హెచ్‌ఎఫ్‌సీ జాతి గ్యాసులుంటాయి. అవి బయటికి పోతే బొగ్గుపులుసు వాయువు కన్నా వందల రెట్లు వేడి పెంచుతాయి. 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలిలో వీటి తగ్గింపు మీద ఒప్పందం కుదిరింది. ధనిక దేశాలు 2019లోనే తగ్గించడం మొదలుపెట్టాలి. చైనా, మరెన్నో వర్ధమాన దేశాలు 2024లో పెరుగుదల ఆపాలి. భారత్ మాత్రం పాకిస్తాన్, ఇరాన్, గల్ఫ్ దేశాలతో కలిసి మరింత గడువు రాబట్టింది. 2028లో పెరుగుదల ఆగాలి. 2047 నాటికి 85 శాతం తగ్గాలి.

ఈ గడువు ఎవరు అడిగారు? కూలిపని చేసేవాడు అడగలేదు. గ్యాసు తయారుచేసే రసాయన కంపెనీలు, ఏసీ కంపెనీలు అడిగాయి. కొత్త గ్యాసుల పేటెంట్లు అమెరికా కంపెనీల చేతుల్లో ఉన్నాయి, తొందరపడితే వాళ్లకు కప్పం కట్టాలన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ తేడా చూడండి. పరిశ్రమాధిపతులకు గడువు కావాలంటే ఢిల్లీ ఆఫీసులో కూర్చుని మాట్లాడితే చాలు. అది ఒప్పందంలో ఏళ్లతో సహా అచ్చయిపోయింది. రైతు మాట చెవికెక్కాలంటే ఏడాది పాటు రోడ్డు మీద పడుకోవాలి. 700 మందికి పైగా ప్రాణాలు పోయాయని రైతు సంఘాలు చెప్పాయి.

బొగ్గు విషయమూ ఇంతే. గ్లాస్గో సభ చివరి రోజు, 2021 నవంబరు 13న, బొగ్గును "తొలగించాలి" అన్న మాటను "తగ్గించాలి" అని మార్పించింది మన మంత్రి. ప్రపంచమంతా భారత్‌ను తప్పుపట్టింది. అంతకు మూడు రోజుల ముందు అమెరికా, చైనా తమ ఉమ్మడి ప్రకటనలో వాడుకొన్న మాట కూడా "తగ్గించడమే". చమురు, సహజవాయువు జోలికి ఎవరూ పోలేదు, ఎందుకంటే అవి ధనిక దేశాల కంపెనీల సొత్తు. ఇక్కడి సంగతి చూస్తే, మన కరెంటులో అధిక భాగం బొగ్గుదే. రైల్వే సరుకు రాబడిలో పెద్ద వాటా బొగ్గుదే. గని రాష్ట్రాల ఖజానా బొగ్గు మీద ఆధారపడి ఉంది. వీటికి తోడు 2020 జూన్‌లో బొగ్గు గనుల్ని ప్రయివేటు వ్యాపారానికి వేలం పెట్టడం మొదలైంది. దేశానికి బొగ్గు కావాలని గ్లాస్గోలో చెప్పిన ప్రభుత్వమే నాలుగు సింగరేణి బ్లాకుల్ని వేలానికి పెట్టింది. 2021 డిసెంబరు 9, 10, 11 తేదీల్లో సింగరేణి కార్మికులు సమ్మె కట్టి అడ్డం తిరిగారు. అక్కడ దేశం పేరు, ఇక్కడ కంపెనీ లాభం!

అమెరికా మనకు నీతులు చెబుతుంది గనుక దాని ఇంటి గుట్టూ చూడాలి. 1997 జులైలో, క్యోటో ఒప్పందానికి అయిదు నెలల ముందే, వర్ధమాన దేశాలు కూడా తగ్గించాలి, మా ఆర్థిక వ్యవస్థకు నష్టం రాకూడదు, లేకపోతే ఒప్పుకోం అని అమెరికా సెనేట్ 95-0 ఓట్లతో తీర్మానించింది. ఆ తీర్మానం పెట్టిన ఇద్దరిలో ఒకరు బొగ్గు రాష్ట్రమైన వెస్ట్ వర్జీనియా సెనేటరు. 2001లో బుష్ క్యోటోను కాదన్నాడు. 2017లో ట్రంప్ పారిస్ ఒప్పందం నుంచి తప్పుకుంటామన్నాడు. 2021లో బైడెన్ తిరిగి చేరాడు. 2025 జనవరి 20న ట్రంప్ మళ్లీ బయటికి నడిచే ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. భూమి వేడి మాత్రం వాళ్ల ఎన్నికల కోసం ఆగలేదు.

మన దగ్గర పార్లమెంటు కూడా పగ్గం వేసిన సందర్భాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లిన జైరాం రమేశ్ 2009లో పర్యావరణ మంత్రిగా, ఉత్పత్తిలో ప్రతి రూపాయికి వెలువడే పొగను 2020 నాటికి 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని కోపెన్‌హాగెన్ సభకు ముందు ప్రకటించారు. ధనిక దేశాలు కదలకముందే మనం ఎందుకు తల వంచాలని ప్రతిపక్షాలు నిలదీశాయి. ఆ ప్రశ్న న్యాయమైనదే. ధనిక దేశాలు ఏటా పదివేల కోట్ల డాలర్లు ఇస్తామని ఆ సభలోనే మాట ఇచ్చి, గడువైన 2020కి ఇవ్వలేకపోయాయి. 2024లో బాకూ సభలో లక్షా ముప్పైవేల కోట్లు కావాలని వర్ధమాన దేశాలు అడిగితే, 2035 నాటికి ఏటా ముప్పైవేల కోట్లకు దారి చూపుతామన్నాయి.

అయితే మనం ఇంటిలోపలికి కూడా చూసుకోవాలి. బయట సభల్లో "మా పేదలు" అని పదే పదే చెప్పే ప్రభుత్వం ఇంట్లో పేదలకు ఏం చేస్తోంది? 2021 నవంబరు 19 ఒక్క రోజే తీసుకుందాం. ఆ ఉదయం సాగు చట్టాలు రద్దు చేస్తామని ప్రధాని టీవీలో ప్రకటించాడు. అదే ఉదయం కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. ఆ వారమంతా చిత్తూరు, నెల్లూరు జిల్లాలు వానల్లో మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి తిరుపతి, నెల్లూరు జిల్లాల పొలాల్ని మళ్లీ ముంచింది. పంట నష్టం ఎవరి పేర రాశారు? పట్టా ఉన్నవాడి పేర. మడి దున్నిన కౌలురైతుకు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం చేయాలి. అతడు చేయడు. నాట్లు పడక, పని దొరక్క పస్తులున్న కూలీకి అసలు కాగితమే లేదు, ఎందుకంటే ఆమె పేర పంట లేదు.

కాబట్టి మన ముందున్న పని రెండు వైపులా ఉంది. ధనిక దేశాలు బాకీ తీర్చాలి, వరి రైతు మీద భారం మోపకూడదు అని ప్రభుత్వం అంటే, ఆ మాటను మనం బలపరచాలి. ఆ మాటను అడ్డం పెట్టుకొని కంపెనీలకు గనులు, గడువులు పంచితే ఎండగట్టాలి. మీథేన్ తగ్గించడానికి మడిని ఆరగట్టి తడిపే పద్ధతి ఉంది. దానికి కాలవ నీరు అడిగినప్పుడల్లా రావాలి, కలుపు పెరిగితే తీసే కూలి ఖర్చు ఎవరో భరించాలి. ఆ ఖర్చు ప్రభుత్వానిది, కౌలుదారుది కాదు. వరదల్లో పోయిన పనిదినాలకు కూలీకి పరిహారం కావాలి. యజమాని సంతకం లేకుండానే కౌలు కార్డు కావాలి. దెబ్బతిన్న దేశాలకు నష్టపరిహార నిధి పెట్టాలని 2022లో ఈజిప్టు సభలో తీర్మానించారు. ఆ డబ్బు ఎప్పుడు వచ్చినా ఢిల్లీలో ఆగకుండా తడ దాకా రావాలంటే, అడిగే సంఘం తడలో ఉండాలి. ప్రపంచ సభలో కూలీకి కుర్చీ లేదు. కుర్చీలో కూర్చున్నవాడి నోట ఏ మాట రావాలో చెప్పగల బలం మాత్రం ఊళ్లో కట్టే సంఘానికి ఉంది. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు చూపించింది అదే.