చిప్‌ల పోటీ మన పక్క బిల్డింగ్‌లోనే!

కొత్త ల్యాప్‌టాప్ కొనాలంటే ఇదివరకు ఒకటే ప్రశ్న: ఇంటెలా, ఏఎండీనా? 2024లో స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలీట్‌తో క్వాల్‌కామ్ కూడా గట్టిగా బరిలోకి దిగింది. ఆ ఏడాదే ఏఎండీ జెన్ 5ని, ఇంటెల్ లూనార్ లేక్‌ని తెచ్చాయి.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే గొడవ అనుకోకండి. ఈ మూడింటికీ మన హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ సెంటర్లున్నాయి. 2022లో జైలింక్స్‌ని ఏఎండీ కొన్నప్పుడు, దాని హైదరాబాద్ టీమ్ కూడా కలిసొచ్చింది.

చిప్ తయారీ ప్రధానంగా తైవాన్‌లోని టీఎస్‌ఎంసీలో. మరి ఇక్కడేం చేస్తారు? డిజైన్‌తో పాటు వెరిఫికేషన్. అంటే చిప్ పుట్టకముందే దాని తప్పులు పట్టుకోవడం. యాప్‌లో బగ్ వస్తే మా సాఫ్ట్‌వేర్ వాళ్లం మర్నాడే అప్‌డేట్ పంపేస్తాం. సిలికాన్‌లోకి ఎక్కేసిన తప్పుని దిద్దడం అన్నిసార్లూ కుదరదు. 1994లో పెంటియం భాగహారంలో తప్పు బయటపడితే, ఇంటెల్‌కి 47.5 కోట్ల డాలర్లు వదిలాయి!

అందుకే ఈసీఈ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... "ఎలాగూ సాఫ్ట్‌వేరే కదా" అని డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌ని పరీక్ష ముందురోజు రాత్రికి వదిలేయకండి. సిస్టమ్ వెరిలాగ్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ మీద పట్టు సాధించండి.

అలాగని ఇది జీవితాంతం భరోసా ఇచ్చే ఉద్యోగమూ కాదు. 2024 ఆగస్టులో ఇంటెల్ 15 శాతానికి పైగా ఉద్యోగాలు తగ్గిస్తామంది. పోటీలో కంపెనీలు గెలుస్తాయి, ఓడతాయి. కానీ ఒకచోట నేర్చుకున్న పని పక్క బిల్డింగ్‌లోనూ చెల్లుతుంది. ముగ్గురు పోటీ పడే ఊళ్లో ఉన్నందుకు మనకి దక్కే లాభం అదే.